వృద్ధాప్యము – బహ్వౌషధ సేవనము: ఒక నిర్వచన ప్రయత్నము

మానవుని ఆయుర్దాయము పెరుగుట గడచిన శతాబ్దపు గొప్ప విజయములలో ఒకటి. 2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశములో 60 ఏండ్లు దాటినవారు పది కోట్లకు పైగా ఉండిరి. మొత్తము జనాభాలో వారు 8.6 శాతము. ఆయువుతోపాటు దీర్ఘ రోగములును పెరిగినవి. మధుమేహము, రక్తపోటు, కీళ్లనొప్పులు, గుండె జబ్బు ఒకదాని వెంట ఒకటి వచ్చి ఒకే శరీరమున కాపురము పెట్టుచున్నవి. ఒక్కొక్క రోగమునకు ఒక్కొక్క వైద్యుడు, ఒక్కొక్క వైద్యునకు ఒక్కొక్క చీటీ.

చిత్తూరు, తిరుపతి ప్రాంతములలో ఏ ఇంటికి వెళ్లినను గోడ మేకునకు వ్రేలాడు సంచియో, బీరువాపై పాత మిఠాయి డబ్బాయో కనిపించును. అది ఇంటి పెద్దవారి మందుల నిలయము. అందులో ఎన్ని మందులున్నవి, అవి దేనికి అని అడిగినచో ఇంటిలో చాల మందికి తెలియదు. "ఎర్ర మాత్ర పొద్దున, తెల్ల మాత్ర రాత్రి" అని మాత్రము చెప్పుదురు. ఈ స్థితిని వైద్యశాస్త్రము ఆంగ్లములో పాలీఫార్మసీ అని పిలుచుచున్నది. ఈ మాటకు సరియైన అర్థమేమి? ఎన్ని మందులు వాడినచో 'ఎక్కువ' అనవలెను? ఎక్కువైన ప్రతి సందర్భమును తప్పేనా? ఈ ప్రశ్నలను విద్యార్థుల ముందుంచుటయే మా ఉద్దేశము. మేము వైద్యులము కాము, భాషోపాధ్యాయులము. అయినను ఒక మాటకు హద్దు గీయుట మా వృత్తిలోని పనియే గనుక ఈ సాహసమునకు పూనుకొంటిమి.

మాట పుట్టుక

పాలీఫార్మసీ అను పదమునకు మూలము గ్రీకు భాష. 'పాలీ' అనగా అనేకము, 'ఫార్మకాన్' అనగా మందు. ఆ ఫార్మకాన్ శబ్దమునకు ఔషధమనియు, విషమనియు రెండర్థములు కలవు. మన 'మందు' అను మాటయు ఇట్టిదే. రోగికిచ్చునది మందు, తుపాకిలో కూరునది మందు, పురుగులపై చల్లునది మందు, సారాయి అంగడిలో దొరకునది మందు. "వానికెవరో మందు పెట్టినారు" అన్నచో అది మేలు చేయుట కాదు. మేలును కీడును ఒకే మాటలో ఇమిడ్చిన మన పూర్వులు, మందు స్వభావము రెండంచుల కత్తి వంటిదని గ్రహించియే ఉందురు.

దీనికి తెలుగులో 'బహ్వౌషధ సేవనము' అని పేరు పెట్టవచ్చును. బహు, ఔషధ అను పదములకు యణాదేశ సంధి జరిగి 'బహ్వౌషధ' అయినది. నోరు తిరుగుట కష్టమనువారు 'పలు మందుల వాడకము' అనవచ్చును. పేరు ఏదైనను హద్దు తేల్చుటయే ముఖ్యము.

అంకెతో నిర్వచనము

పండితులు మొదట ఆశ్రయించినది అంకెను. 2017లో ఆస్ట్రేలియా పరిశోధకులు కొందరు అంతకు ముందు ప్రచురితములైన వ్యాసములను జల్లెడ పట్టి, పాలీఫార్మసీకి ఎన్ని నిర్వచనములున్నవో లెక్కించిరి. 138 నిర్వచనములు తేలినవి. వాటిలో 111 కేవలము సంఖ్యపై ఆధారపడినవి. కొందరు రెండు మందులకే ఆ పేరు పెట్టిరి. కొందరు పదకొండు వరకు పోయిరి. అందరికంటె ఎక్కువమంది అంగీకరించినది 'రోజునకు ఐదు లేక అంతకు మించి' అను హద్దు. పరిశీలించిన వ్యాసములలో సుమారు 46 శాతము దీనినే గ్రహించినవి. పది లేక అంతకు మించినచో దానిని 'అతి బహ్వౌషధ సేవనము' అనువారును కలరు.

ఐదు అను అంకెకు ఒక సౌకర్యము కలదు. లెక్కించుట సులభము. గణితము చదువు విద్యార్థులకు ఇందలి ప్రమాదము వెంటనే తెలియును. రెండు మందులున్నచో వాటి మధ్య ఏర్పడగల జత ఒక్కటే. మూడైనచో మూడు జతలు, ఐదైనచో పది, ఎనిమిదైనచో ఇరువది ఎనిమిది, పదైనచో నలుబది ఐదు. ప్రతి జతయు హానికరము కాదు. అయినను మందులు ఒకటొకటిగా పెరుగుచుండగా అవి ఒకదానితో ఒకటి కలహించు అవకాశములు రెట్టింపులై పెరుగుచున్నవి.

వేటిని లెక్కించవలెను?

అంకె సులభమే గాని, వేటిని లెక్కింపవలెనన్నచో చిక్కు మొదలగును. ఒకే మాత్రలో రెండు మందులు కలిసియున్నచో దానిని ఒకటి అనవలెనా, రెండు అనవలెనా? మన దేశములో ఇట్టి మిశ్రమ మాత్రల వాడకము ఎక్కువ. వాటిలో హేతువు లేనివి అనేకములని తేలి, 2018 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వము 328 మిశ్రమములను నిషేధించినది. సంచిలో నాలుగు అట్టలే ఉన్నను లోపల ఏడు మందులుండవచ్చును. కనుక అట్టలను గాక, అట్టపై చిన్న అక్షరములలో ముద్రించిన మందు పేర్లను లెక్కించుట న్యాయము.

కంటి చుక్కలు, పూత మందులు, పీల్చు మందులు లెక్కలోనికి వచ్చునా? నీటికాసులకు వేయు కొన్ని కంటి చుక్కలు రక్తములో కలిసి గుండె వేగమును తగ్గించును. కనుక వాటిని విడువరాదు. ఐదు దినములు మాత్రమే వాడిన జ్వరపు మందును నిత్యము వాడు మందులతో కలుపవలెనా? సాధారణముగా కలుపరు. కాని ఆ ఐదు దినములలోనే కొన్ని మందులు పాత మందులతో పోట్లాడును గనుక, ఆ సమయమున వైద్యునకు చెప్పుట అవసరము.

చీటీ లేకుండ అంగడిలో కొన్న నొప్పి మాత్ర మాట ఏమి? మా అభిప్రాయములో మొదట లెక్కింపవలసినది అదే. డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు రక్తపోటును పెంచగలవు, మూత్రపిండములను దెబ్బతీయగలవు. రక్తపోటుకు కొన్ని రకముల మాత్రలును, నీరు తీయు మాత్రయు వాడుచున్నవారు వాటికి తోడు దీనిని కూడ మ్రింగినచో మూత్రపిండములకు ముప్పు మరింత పెరుగును. పెద్దవారిని "ఏ మందులు వాడుచున్నారు?" అని అడిగినచో ఈ నొప్పి మాత్రను చెప్పరు. "అది మందా? మోకాలికి అప్పుడప్పుడు వేసుకొనునదే కదా" అందురు.

ఇక మన ఇండ్లలోని చూర్ణములు, లేహ్యములు, మాజూనులు, జోషాందాలు. యూనానీ వైద్యములో ఔషధములను ముఫ్రద్, మురక్కబ్ అని విభజింతురు. ముఫ్రద్ ఒంటి మందు, మురక్కబ్ పెక్కు మందుల కూర్పు. ఆహారముతో నయమగు చోట మందు వలదనియు, ఒంటి మందుతో నయమగు చోట కూర్పు వలదనియు చెప్పు నీతి ఒకటి హకీముల పరంపరలో ప్రసిద్ధము. దానిని అల్ రాజీకి ఆపాదింతురు. అనగా మందులను మితముగా వాడవలెనను భావము మన సంప్రదాయమునకు కొత్తది కాదు. అయితే చెట్టు మందు గనుక హాని లేదనుకొనుట పొరపాటు. తెలుగువారు అతిమధురమనియు, ఉర్దూవారు ములేఠీ అనియు పిలుచు వేరు దగ్గునకు మంచిదే. కాని దానిని ఎక్కువ దినములు వాడినచో రక్తపోటు పెరుగును, రక్తములోని పొటాషియము తగ్గును. నీరు తీయు మాత్ర వాడువారిలో ఈ తగ్గుదల గుండెకు ప్రమాదము తేగలదు. కనుక హకీము ఇచ్చినదైనను, వైద్యశాల ఇచ్చినదైనను మందు మందే. అన్నిటిని లెక్కింపవలెను.

అంకె చాలదనుటకు నిదర్శనములు

మన ప్రాంతమునకే గర్వకారణమైన ఒక ఉదాహరణ చూడుడు. మదనపల్లె సమీపమున ఆరోగ్యవరములో 1915లో క్షయ చికిత్సాలయము నెలకొన్నది. ఆ కాలమున క్షయకు మందే లేదు. మంచి గాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారము, ఇవియే చికిత్స. 1944లో స్ట్రెప్టోమైసిన్ లోకమునకు తెలిసినది. కాని ఒంటిగా ఇచ్చినచో క్షయ క్రిములు దానికి అలవాటు పడి లొంగకపోవుట కొద్ది కాలములోనే బయటపడినది. అందుచేతనే సాధారణ క్షయకు నేడు మొదటి రెండు మాసములు నాలుగు మందులు కలిపి ఇచ్చుచున్నారు. ఇచ్చట అనేక మందులు వాడుట తప్పు కాదు, ఒక్క మందు వాడుటయే తప్పు. గుండెపోటు నుండి కోలుకొన్నవారి సంగతియు ఇట్టిదే. రక్తము గడ్డకట్టకుండ రెండు, కొలెస్టరాలు తగ్గుటకు ఒకటి, గుండె వేగమును అదుపు చేయుటకు ఒకటి, రక్తపోటును తగ్గించి గుండెను కాపాడుటకు ఒకటి, ఈ విధముగా ఐదు మందులు న్యాయముగనే ఏర్పడును. అంకెను చూచి వారిని దోషులనరాదు.

దీనికి విరుద్ధమైన ఉదాహరణయు కలదు. నిద్రకై వాడు డయజిపామ్ ఒక్కటే మందు. అది సగము తగ్గుటకు 20 ఏండ్ల యువకుని శరీరములో సుమారు 20 గంటలు పట్టును. 80 ఏండ్ల వృద్ధుని శరీరములో సుమారు 90 గంటలు పట్టును. రాత్రి మ్రింగిన మాత్ర మత్తు మరునాడును, ఆ మరునాడును మిగిలియుండగా మరియొక మాత్ర దానిపై చేరును. వృద్ధుడు తూలి పడును, మాట తడబడును. "వయసు మీరినది, మతి పోయినది" అని ఇంటివారు అనుకొందురు. ఒక్క మందే అయినను ఇది అనుచితము.

ఈ భేదమునకు కారణము వృద్ధ శరీర ధర్మము. వయసుతో శరీరములో నీటి పాలు తగ్గి కొవ్వు పాలు పెరుగును. కొవ్వులో కరగు మందులు అచట చాల కాలము నిలువ ఉండును. కాలేయమునకు రక్తప్రసారము తగ్గును. 40 ఏండ్లు దాటిన పిమ్మట మూత్రపిండముల వడపోత శక్తి సగటున ఏటేట కొంత క్షీణించును. యువకునకు సరిపోవు మోతాదు తాతగారికి అధికమగుట ఇందువలననే.

1991లో అమెరికాలో మార్క్ బీర్స్ అను వైద్యుడు, తన సహచరులతో కలిసి, వృద్ధులకు సాధ్యమైనంత వరకు ఇవ్వకూడని మందుల పట్టికను తయారు చేసెను. నేటికిని ఆ పట్టికను సవరించుచు వాడుచున్నారు. మన అంగళ్లలో జలుబునకు సులభముగా దొరకు క్లోర్‌ఫెనిరమైన్, మధుమేహమునకు మన దేశములో విరివిగా వాడిన గ్లైబెన్‌క్లమైడ్ రెండును అందులో కలవు. మొదటిది వృద్ధులలో మతి భ్రమను, మూత్రబంధమును కలిగింపగలదు. రెండవది రక్తములోని చక్కెరను చాలసేపు అతిగా తగ్గింపగలదు. 2008లో ఐర్లండు వైద్యులు ఇంకొక అడుగు వేసి, మానవలసిన మందులతోపాటు, వృద్ధుడన్న కారణముతో ఇవ్వక విడిచిన అవసరమైన మందులను కూడ పట్టిక వేసిరి. 2013లో ఇంగ్లండులోని కింగ్స్ ఫండ్ సంస్థ నివేదిక ఈ ఆలోచనకు స్పష్టమైన రూపమిచ్చినది. బహ్వౌషధ సేవనము రెండు విధములనియు, ఒకటి సముచితమనియు, రెండవది సమస్యాత్మకమనియు ఆ నివేదిక విభజించినది.

మందు వెంట మందు

సమస్యాత్మకమైనది ఎట్లు పెరుగునో తెలుపుటకు మా ఇంటి అనుభవమొకటి చెప్పుట అవసరము. పలమనేరులో నివసించు మా నానీకి అప్పుడు 76 ఏండ్లు. ఆమె ఉర్దూ చక్కగా చదువగలరు, ఆంగ్లము రాదు. రక్తపోటుకు ఒక వైద్యుడు మాత్ర ఇచ్చినారు. కొన్ని వారములకు పాదములు వాచినవి. వేరొక వైద్యుడు ఆ వాపును చూచి నీరు తీయు మాత్ర ఇచ్చినారు. దానివలన రాత్రులు మాటిమాటికి లేవవలసి వచ్చెను. నిద్ర చెడినది. నిద్రకు మాత్ర చేరినది. బంధువులతో వేరొక ఊరికి వెళ్లినప్పుడు మూడవ వైద్యుడు రక్తపోటుకు తానొక మాత్ర వ్రాసినారు. పాతది మానుమని ఎవరును చెప్పలేదు, పాతది ఉన్నదని మేమును చెప్పలేదు. ఒక రాత్రి ఆమె స్నానపు గదికి పోవుచు తల తిరిగి పడిపోయినారు. మణికట్టు ఎముక విరిగినది.

కట్టు కట్టిన వైద్యుడు "సంచి తీసికొని రండు" అని అడిగి, అట్టలన్నిటిని బల్లపై పరచినారు. పదకొండు అట్టలు తేలినవి. కొన్నింటిని అంగడిలో కత్తిరించి ఇచ్చుటచే పేరు, గడువు తేదీ కూడ పోయినవి. వాటిలో రెండు, పేర్లు వేరైనను, ఒకే ఆమ్లోడిపిన్ మందు. పాదముల వాపు ఆ మందు వలన తరచు కలుగునదే. అనగా మొదటి మందు తెచ్చిన బాధను కొత్త రోగమనుకొని రెండవ మందు, రెండవది తెచ్చిన బాధకు మూడవ మందు చేరినవి. ఈ గొలుసును వైద్యులు 1990వ దశకము నుండి 'ఔషధ పరంపర' అను అర్థమిచ్చు పేరుతో గుర్తించియున్నారు. ఆ వైద్యుడు కొన్ని మాసములలో మెల్లమెల్లగా తగ్గించి ఆరు మందులు మిగిల్చినారు. వాపు పోయినది.

ఇందులో ఏ వైద్యునిది తప్పు? ఎవరికి వారు తమ ముందున్న బాధకు మందు వ్రాసినారు. మొత్తము సంచిని చూచినవారు లేరు. పట్టభద్రులమైన మేము ముగ్గురము మనుమలము ఆ ఇంటికి వచ్చి పోవుచునే ఉంటిమి. అట్టపై రెండు పంక్తులు చదువుటకు మాకెవరికిని తీరిక లేకపోయెను. ఆ సిగ్గే ఈ వ్యాసమునకు మూలము.

మన ప్రాంతపు పరిస్థితి

తిరుపతిలో రుయా ఆసుపత్రి ఉన్నది, స్విమ్స్ ఉన్నది. చిత్తూరు నుండి వేలూరు ఇంచుమించు 35 కిలోమీటర్ల దూరమే గనుక అచటికి పోవువారు ఎందరో కలరు. తిరుపతిలో ఆయుర్వేద కళాశాల కలదు. పేటలలో హకీములు కలరు. వీధి చివర మందుల అంగడి కలదు. ఇన్ని దారులుండుట మన భాగ్యము. కాని ఈ దారులన్నియు కలియు చోటు రోగి సంచి ఒక్కటే. ఆ సంచిని చదువుటకు ఆంగ్లాక్షరములు తెలియవలెను. పెద్దవారికి వచ్చినది ఉర్దూ లేక తెలుగు.

మరియొక విషయము. రంజాన్ మాసములో మన పెద్దలు పగటి మందులను తమంతట తామే సహరీకి, ఇఫ్తారుకు మార్చుకొందురు. ఏకాదశి ఉపవాసములలో హిందూ సోదరులును ఇట్లే చేయుదురు. చక్కెరను తగ్గించు మాత్ర వేసికొని భోజనము లేకున్నచో స్పృహ తప్పు ప్రమాదము కలదు. మాసమునకు ముందే వైద్యుని అడిగి వేళలు, మోతాదులు సరిచూచుకొనుట మేలు.

మా నిర్వచనము

పై చర్చను బట్టి ఇట్లు చెప్పవచ్చును: ఒక వృద్ధునకు ఐదు లేక అంతకు మించిన ఔషధములు, ఏ పద్ధతికి చెందినవైనను, ఎవరు ఇచ్చినవైనను, చీటీతో కొన్నవైనను లేకున్నను, నిత్యము వాడుకలో ఉండుట బహ్వౌషధ సేవనము. వాటిలో ప్రతి మందునకు నేటికిని నిలిచియున్న కారణము ఉండి, దాని మేలు కీడును మించియున్నచో అది సముచితము. ఒక్క మందునకైనను ఆ కారణము లేకున్నచో, లేక అది వేరొక మందు తెచ్చిన బాధకై వాడబడుచున్నచో, అది సమస్యాత్మకము.

ఐదు అను అంకె తీర్పు కాదు, గంట మాత్రమే. గంట మ్రోగినప్పుడు ప్రతి మందును నాలుగు ప్రశ్నలు అడుగవలెను.

1. ఇది దేనికి?
2. దీనిని ఎవరు, ఎప్పుడు ఇచ్చిరి?
3. ఆ అవసరము ఇంకను ఉన్నదా?
4. ఇది మొదలైన పిమ్మట కొత్త బాధ ఏదైనా వచ్చినదా?

ఇచట ఒక హెచ్చరిక. ప్రశ్నించుట మన పని, మాన్పించుట వైద్యుని పని. కొన్ని గుండె మందులు, స్టీరాయిడ్లు, మూర్ఛ మందులు, చాల కాలము వాడిన నిద్ర మాత్రలు హఠాత్తుగా ఆపినచో ప్రాణాపాయము కలుగవచ్చును. మందులను క్రమముగా ఉపసంహరించుట కూడ ఒక వైద్య విద్యయే.

విద్యార్థులకు, పాలక సంఘము వారికి మనవి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో హాని లేని ఔషధ సేవనమును లక్ష్యముగా ప్రకటించి, పలు మందుల వాడకమును ముఖ్యాంశములలో ఒకటిగా గ్రహించినది. అంత పెద్ద లక్ష్యమునకు మన వంతు పని చాల చిన్నది. ఈ సెలవులలో ఇంటికి పోయినప్పుడు, విద్యార్థులారా, నానీ సంచియో, తాతగారి డబ్బాయో తెరువుడు. ఒక కాగితమును నిలువుగా గీతలు గీసి, మందు పేరు, మోతాదు, వేళ, కారణము, ఇచ్చినవారు అని ఐదు గడులు చేయుడు. మందు పేరును ఆంగ్లములో వ్రాసి, ప్రక్కన వారు చదువగల లిపిలో, ఉర్దూలోనో తెలుగులోనో, అది దేనికో వ్రాయుడు. కారణము తెలియని చోట గడిని ఖాళీగా ఉంచుడు. ఆ ఖాళీ గడియే వైద్యుని అడుగవలసిన ప్రశ్న. ఏ వైద్యుని యొద్దకు పోయినను ఆ కాగితము వెంట ఉండవలెను.

పాలక సంఘము వారు అనుమతించినచో, జాతీయ సేవా పథకము శిబిరములో వైద్యుని పర్యవేక్షణలో ఇట్టి పట్టికలను గ్రామములలోని వృద్ధులకు వ్రాసి ఇచ్చు కార్యక్రమమును చేపట్టవచ్చును. దీనికి ఖర్చు కాగితము, కలము మాత్రమే. రెండు భాషలు నేర్పు కళాశాలకు ఇంతకంటె తగిన సేవ వేరొకటి తోచుట లేదు.

మా నానీ పట్టిక నేడు ఆమె దిండు క్రింద ఉన్నది. ఒక ప్రక్క ఆంగ్లము, ఒక ప్రక్క ఉర్దూ. ఆరు వరుసలు. ఏ వరుసలోను కారణపు గడి ఖాళీగా లేదు.